కర్తలేని ఓడ

వాక్యానికి కర్త ఎవరనే ప్రశ్న వ్యాకరణ గ్రంథంతో తీరిపోయేది కాదు. ఒక సమాజం తన వాక్యాలలో ఎవరిని కర్తగా నిలుపుతున్నది, ఎవరిని సాధనంగా వాడుకుంటున్నది, ఎవరి పేరు ఎత్తకుండానే పని గడుపుకుంటున్నది అని పరిశీలిస్తే ఆ సమాజంలోని ఉత్పత్తి సంబంధాలు చాలవరకు బయటపడతాయి. సాహిత్య విమర్శకుడు రూపాన్ని వదలి వస్తువునూ, వస్తువును వదలి రూపాన్నీ పట్టుకుని కూర్చోకూడదని మనం చాలాకాలంగా చెప్పుకుంటున్నాము. ఒక వాక్యపు రూపంలోనే దాని వర్గస్వభావం ఎట్లా దాగి ఉంటుందో చూపటానికి నేనిక్కడ ఒక చిన్న వాక్యాన్ని తీసుకుంటున్నాను. ఇటీవల పత్రికలలోనూ సభలలోనూ అది తరచు వినబడుతున్నది: “ఇకమీదట ఓడ తనంతట తానే నడుస్తుంది.”

పిడుగురాళ్లలో ఉండి ఓడల గురించి రాయటమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. మా ఊరికి సముద్రం లేదు. మాకున్నది సున్నపురాయి. ఆ రాతిని పగలగొట్టి, బట్టీలో రాయీ బొగ్గూ పొరలు పొరలుగా నింపి, కాల్చి, తెల్లని సున్నం దింపే కూలీల పిల్లలు మా కళాశాలకు వస్తారు. అటువంటి ఇంటి నుంచి వచ్చిన నా పాత విద్యార్థి ఒకడు ఇప్పుడు సరకు ఓడలో ఇంజను గదిలో పని చేస్తున్నాడు. ఆరు నెలల జీపీ రేటింగ్ శిక్షణకూ, ఆ తర్వాత ఉద్యోగం చూపిస్తానన్న మధ్యవర్తికీ వాళ్ళ నాన్న అప్పు చేసి కట్టాడు. ఆ అప్పు తీరటానికి మూడు ప్రయాణాలు పట్టినది. పోయిన వేసవిలో సెలవు మీద వచ్చి మా ఇంటికి వచ్చాడు. మాటల మధ్య ఇట్లా అడిగాడు:

“మా తమ్ముడు కూడా ఓడెక్కుతానంటున్నాడు సార్. ఉన్న అరెకరం అమ్మాలి. వాడు శిక్షణ పూర్తిచేసి వచ్చేసరికి ఓడమీద మనుషులుంటారా? పంపమంటారా, వద్దంటారా?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. “ఆలోచించి చెప్తాను” అన్నాను. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

1

మన సాహిత్యంలో ఓడ కొత్తది కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెంమీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉన్నది. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం మన వాణిజ్య చరిత్రకు అమూల్యమైన ఆధారం. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రయానానికి సాహసించే వర్తకులమీద దయతలచి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోమని గణపతిదేవుడు అభయమిచ్చాడు. భూస్వామ్య యుగంలో వర్తక వర్గానికి లభించిన చట్టబద్ధమైన రక్షణగా చరిత్రకారులు దీనిని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసినదే.

కాని ఆ శాసనంలోని ఒక మాటను మళ్ళీ చదువుకోవాలి. ప్రాణం కంటే ధనం ఎక్కువనుకున్నవాడు వర్తకుడు. తెరచాప లాగినవాడి సంగతి ఏమిటి? వాడు పణంగా పెట్టినది ప్రాణమే గాని, ఎదురుగా వాడికి కనబడే ధనమేదీ లేదు. ఓడ పగిలితే సరకు ఎవరికి చెందాలనే ప్రశ్నకు శాసనం సమాధానం చెప్పినది. ఓడలో మునిగినవాడి పిల్లలు ఎవరికి చెందాలనే ప్రశ్న అసలు పుట్టలేదు.

శ్రీనాథుని వద్దకు వద్దాము. పలనాటివారికి ఆయన పరాయివాడు కాడు. పల్నాటి వీరచరిత్రను కావ్యం చేసినవాడు ఆయనే. హరవిలాసాన్ని ఆయన అవచి తిప్పయశెట్టికి అంకితమిచ్చాడు. ఆ అవతారికలో తిప్పయశెట్టి కుటుంబం సముద్రాల మీదుగా దిగుమతి చేయించిన సరకుల పట్టిక ఉన్నది. సింహళపు ఏనుగులు, హురుముంజి గుర్రాలు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టుబట్టలు, కర్పూరం, ముత్యాలు వరుసకట్టి వస్తాయి. పద్యం చదువుతుంటే ఒక్కొక్క సరకు దగ్గర ‘తెచ్చి’ అనే క్రియ మళ్ళీ మళ్ళీ మోగుతుంది. శ్రీనాథుని శయ్యకు, ధారకు అదొక మంచి ఉదాహరణ అని తరగతిలో చెబుతుంటాము.

తెచ్చినది ఎవరు? పద్యం ప్రకారం శెట్లు తెచ్చారు. ఏనుగును ఓడ ఎక్కించిన చేతులు, రాత్రంతా నక్షత్రం చూసి చుక్కాని పట్టిన కళ్ళు, గుర్రాలకు నీళ్ళు మిగిల్చి తాము గొంతు తడుపుకోని కూలీలు, వీరందరి పనినీ ‘తెచ్చి’ అన్న రెండక్షరాలు మింగివేశాయి. దీనికి శ్రీనాథుని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. తన కాలపు ఉత్పత్తి సంబంధాలను దాటి చూడలేదని పదిహేనవ శతాబ్దపు కవిని నిందించే విమర్శ యాంత్రికమైన విమర్శ. ఆయన తన కాలానికి నమ్మకంగా రాశాడు. సొమ్ము పెట్టినవాడే కర్త అని ఆ కాలం నమ్మినది. మనం గమనించవలసినది వేరు: సొమ్ము పెట్టినవాడు కర్త కావటం, పని చేసినవాడు వాక్యం నుంచి జారిపోవటం కృత్రిమ మేధతో మొదలైన సంగతి కాదు. ఓడమీద నుంచి మనిషిని దింపే యంత్రం ఇప్పుడిప్పుడే తయారవుతున్నది. వాక్యంలో నుంచి వాణ్ణి మనం ఏనాడో దించివేశాము.

2

ఆధునిక యుగంలో కథ మారినదా? 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగిననాటికే శ్రామికుడు సాహిత్యంలో కర్తృస్థానానికి రావాలన్న చైతన్యం స్పష్టపడినది. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ గేయంలో రాజుల చరిత్రను తలకిందులు చేసి అడిగిన ప్రశ్న వ్యాకరణ పరిభాషలో చెబితే కర్త ఎవరన్న ప్రశ్నే. దాని ఫలితంగా రైతుకూలీ, చేనేతవాడు, గనికార్మికుడు మన కథలలోకి, కవితలలోకి వచ్చారు. ఓడ కార్మికుడు మాత్రం గడపవద్దనే ఆగిపోయాడు. వాడు ఊళ్ళో ఉండడు. ఏడాదిలో తొమ్మిది నెలలు నీటిమీద ఉంటాడు. రచయితకు కనబడనివాడు రచనకు దొరకడు.

కాని వాడి చరిత్ర మన చరిత్రే. గోదావరి ముఖద్వారాన కోరంగి ఒకనాడు ఓడలు కట్టే రేవు. 1839 తుపాను దాన్ని నేలమట్టం చేసినది. ఆ రేవు పేరే బర్మాలో తెలుగు కూలీకి జాతి పేరయినది. అక్కడ మనవాళ్ళను ‘కోరంగీలు’ అన్నారు. ఉత్తరాంధ్ర పల్లెలలో రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. రంగం పోయినవాడు రేవులో మూటలు మోసేవాడు, రిక్షా లాగేవాడు, మిల్లులో వడ్లు ఎత్తేవాడు. సరంగు, టిండేలు, కళాసీ మొదలైన మాటలు ఓడ పని నుంచే మన వాడుకలోకి వచ్చాయి. వీటిలో కళాసీ మాట గతి చూడండి. ఓడపనివాణ్ణి చెప్పిన మాట ఒడ్డుకు చేరి, మన కోస్తాలో బరువులు మోసే కూలీకి పేరుగా స్థిరపడినది. మాట ఒడ్డెక్కినది గాని దాని వెంట ఉన్న బరువు దిగలేదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. ఆ తర్వాత సమ్మె పరిష్కారమై తెలుగువాళ్ళు తిరిగి పనిలోకి వచ్చారు. నాటి ఉదయం పనికి వచ్చిన బర్మా కూలీలను ఇక అవసరం లేదని యజమానులు తిప్పిపంపారు. అక్కడ మొదలైన కొట్లాట నగరమంతా పాకినది. వందమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు తెలుగు కూలీలే. కూలి పెంచవలసిన చేతులు సురక్షితంగా ఉన్నాయి. కూలి అడిగిన చేతులూ, ఆ కూలికి ఆశపడిన చేతులూ ఒకదానినొకటి నరుక్కున్నాయి.

ఈ ఘటనను నేను ఊరకే తవ్వి తీయటం లేదు. ఒక కార్మికుని స్థానంలో ఇంకొకరిని నిలబెట్టే అవకాశం యజమానికి ఉన్నప్పుడు, ఆ ఇంకొకరు మనిషి అయినా యంత్రమైనా, మొదట జరిగేది బేరంలో కార్మికుని బలం తగ్గటం. 1930లో ఆ ‘ఇంకొకరు’ బర్మా కూలీ. ఈనాడు కృత్రిమ మేధ. తేడా ఒక్కటే. బర్మా కూలీతో చేయి కలపవచ్చు. అప్పుడు కలపలేకపోవటమే విషాదం. యంత్రంతో చేయి కలపలేము. దాన్ని ఎవరి అదుపులో ఉంచాలన్నది తేల్చుకోవలసి ఉంటుంది.

ఓడ కార్మికుడు కర్తగా నిలిచిన రోజులూ లేకపోలేదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ నౌకాకేంద్రంలో నావికులు మొదట అడిగినది తినగలిగే తిండి, మర్యాదగల మాట. మూడు నాలుగు రోజులలో ఆ మంట కరాచీకి, మద్రాసుకు, విశాఖకు, పదుల కొద్దీ ఓడలకు పాకినది. తెల్లదొరల జెండా దిగి, కాంగ్రెసు, ముస్లింలీగు, కమ్యూనిస్టు జెండాలు పక్కపక్కన ఎగిరాయి. ఆ కొద్ది రోజులూ “ఓడ తనంతట తానే నడుస్తుంది” అని ఎవరూ అనలేదు. ఓడను ఆపగలవాడు ఎవడో అందరికీ తెలిసినది. ఆపగలవాడే నడిపేవాడు. స్వయంచాలిత నౌక మీద పెట్టుబడికి ఎందుకంత మక్కువో అర్థం చేసుకోవటానికి ఈ సూత్రం పనికివస్తుంది.

3

ఇప్పుడు యంత్రం నిజంగా ఎంతవరకు వచ్చినదో చూడాలి. శత్రువు బలాన్ని పెంచి చెప్పటమూ తగ్గించి చెప్పటమూ రెండూ తప్పే.

నార్వేలో యారా అనే ఎరువుల కంపెనీ కట్టించిన ‘యారా బిర్కెలాండ్’ విద్యుత్తుతో నడిచే చిన్న సరకు ఓడ. 120 కంటైనర్లు పడతాయి. 2022 నుంచి అది సరకు మోస్తున్నది. మనుషులతోనే మొదలుపెట్టి క్రమంగా మనుషులు లేకుండా నడపాలన్నది పథకం. ఏటా 40,000 డీజిల్ లారీ ప్రయాణాలు తగ్గుతాయని చెప్పారు. పొగ తగ్గటం మంచిదే. ఆ లెక్కలో లారీ ప్రయాణాలున్నాయి గాని లారీ డ్రైవర్లు లేరు. అదే ఏడాది జపానులో ‘సుజాకు’ అనే కంటైనర్ ఓడ టోకియో అఖాతం నుంచి ఇసే అఖాతానికి పోయి రావటానికి సుమారు 790 కిలోమీటర్లు దాదాపు పూర్తిగా యంత్రం చేతిమీదనే నడిచినది; మనుషులు పక్కన నిలబడి చూశారు. కొరియా వారి ‘ప్రిజం కరేజ్’ అనే గ్యాసు ఓడ అమెరికా నుంచి కొరియాకు 20,000 కిలోమీటర్ల దారిలో సగం కృత్రిమ మేధ చూపిన మార్గాన, వేగాన నడిచినది. ఇంధనం 7 శాతం ఆదా అయినదని యజమానులు ప్రకటించారు. ‘మేఫ్లవర్’ అనే మనిషి లేని చిన్న నావ కూడా 2022లోనే అట్లాంటిక్ దాటినది. అయితే మధ్యలో జనరేటరు చెడి అజోర్స్ దీవులకు మళ్ళవలసి వచ్చినది. కృత్రిమ మేధ దారి తప్పలేదు. కాని జనరేటరు విప్పటానికి మనిషి చేతులు కావలసివచ్చాయి.

అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఇటువంటి ఓడలను నాలుగు మెట్లుగా విభజించినది. మొదటి మెట్టులో సిబ్బంది ఉంటారు, యంత్రం సాయపడుతుంది. రెండవదానిలో సిబ్బంది ఉండగానే నియంత్రణ ఒడ్డుకు పోతుంది. మూడవదానిలో సిబ్బంది ఉండరు, ఒడ్డున కూర్చున్నవారు నడుపుతారు. నాలుగవదానిలో నిర్ణయం యంత్రానిదే. ఈ ఓడలకు తప్పనిసరి నియమావళి 2032 జనవరి 1 నుంచి అమలులోకి రావాలన్నది ఆ సంస్థ వేసుకున్న కాలపట్టిక. అంటే నా విద్యార్థి తమ్ముడు ఇప్పుడు ఓడ ఎక్కితే, వాడికి ముప్పై ఏళ్ళు నిండకముందే చట్టం మారుతుంది. వాడి అన్న భయం ఉత్తభయం కాదు.

అయితే సిబ్బంది తగ్గటం ఇప్పుడు మొదలైనది కాదు. బొగ్గు పోయి నూనె రాగానే కొలిమి దగ్గర బొగ్గు ఎగవేసే కూలీలు పోయారు. ఉపగ్రహాల ద్వారా ప్రమాద సందేశాలు పంపే ఏర్పాటు 1999 ఫిబ్రవరి 1 నుంచి పూర్తిగా అమలుకాగానే రేడియో ఆఫీసరు పోయాడు. 2021 మార్చిలో సూయజ్ కాలవకు అడ్డంగా ఇరుక్కుపోయిన ‘ఎవర్ గివెన్’ 400 మీటర్ల పొడవున్న ఓడ. ఇరవై వేల కంటైనర్లు పట్టే ఆ ఓడలో ఉన్న సిబ్బంది 25 మంది. అందరూ భారతీయులే. ఓడను ఆరు రోజులలో బయటకు లాగారు. నష్టపరిహారం తేలేవరకు, జులై మొదటివారం దాకా, ఓడను పోనివ్వలేదు. సిబ్బందిలో అత్యధికులు అన్నాళ్ళూ దానిలోనే ఉండిపోయారు. బీమా కంపెనీలు, కాలవ అధికారులు, ఓడ యజమానులు కోట్ల మీద కోట్ల బేరమాడుతుంటే సరకుతోపాటు మనుషులు కూడా జప్తులో ఉన్నారు. మోటుపల్లి శాసనానికి ముందరి రాజులు ఇంకా పూర్తిగా గతించలేదన్నమాట.

4

నా విద్యార్థి చెప్పిన పని వివరాలు విన్న తర్వాత నాకొక సంగతి తట్టినది. యంత్రం వచ్చి మనిషిని తీసివేయటం రేపటి సంగతి. యంత్రం వచ్చి మనిషిని యంత్రం చేయటం ఈనాటి సంగతి.

ఓడ నడిపే గదిలో ఒక గంట ఉంటుంది. కాపలాలో ఉన్న ఆఫీసరు మెలకువగా ఉన్నాడని చూపటానికి కొన్ని నిమిషాలకొకసారి మీట నొక్కాలి. ఈ వ్యవధి మూడు నుంచి పన్నెండు నిమిషాలలోపు ఉండాలని నిబంధన. నొక్కకపోతే గంట మోగుతుంది. మనిషికి నిద్ర ఎందుకు వస్తున్నదని ఆ గంట అడగదు. ఇరవై నాలుగు గంటలలో కనీసం పది గంటలు, ఏడు రోజులలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని 2006 నావిక కార్మిక ఒడంబడిక చెబుతున్నది. భారతదేశం దాన్ని 2015లో ఆమోదించినది. కాగితంమీద విశ్రాంతి ఉన్నది. ప్రపంచ నావిక విశ్వవిద్యాలయం వారి 2020 నాటి అధ్యయనం ఈ పట్టికలను ఓడలమీద ఎట్లా ‘సరిదిద్దుతారో’ వివరించినది. నా విద్యార్థి దాన్ని చదవలేదు. వాడు తన మాటలలో చెప్పాడు:

“పడుకున్న గంటలు రాయం సార్. పడుకోవలసిన గంటలు రాస్తాం.”

ఇప్పుడు దీనికి కృత్రిమ మేధ కలిసినది. దూరంలో ఉన్న పడవను, తేలే దుంగను కెమెరా గుర్తిస్తుంది. ఇంజను చప్పుడులో, వేడిలో తేడా రాగానే ఏ భాగం చెడబోతున్నదో లెక్క చెబుతుంది. గాలినీ అలనూ బట్టి దారి సూచిస్తుంది. ఇవన్నీ మంచి పనులే. చేపల వేటకు దీపం లేకుండా పోయే చిన్న నావను చీకటిలో పెద్ద ఓడ గుద్దకుండా తప్పించే కెమెరాను మన జాలరి కుటుంబాలు దీవిస్తాయి. కాని దారి సూచించిన యంత్రం ఆ సూచనను ఒడ్డున ఉన్న కంపెనీ కార్యాలయానికీ పంపుతుంది. కెప్టెను దాన్ని పాటించకపోతే ఎందుకు పాటించలేదో సంజాయిషీ రాయాలి. పాటించి ప్రమాదం జరిగితే, చట్టం ముందు నిలబడేది కెప్టెనే. నిర్ణయాధికారం ఒడ్డుకు జారిపోతున్నది. నేరం మాత్రం ఓడలోనే ఉండిపోతున్నది.

2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలో బాల్టిమోర్ వద్ద ‘డాలీ’ అనే ఓడ కరెంటు పోయి, అదుపు తప్పి వంతెనను కొట్టినది. సిబ్బంది 21 మంది; వారిలో 20 మంది భారతీయులు, ఒకరు శ్రీలంకవాసి. ఓడలో ఉన్న పైలట్లు సమయానికి హెచ్చరిక పంపటం వల్ల పోలీసులు వంతెనమీదికి వాహనాలను రానివ్వకుండా ఆపగలిగారు. వంతెనమీద గుంతలు పూడుస్తున్న ఆరుగురు కూలీలకు మాత్రం ఆ హెచ్చరిక అందలేదు. వారంతా మధ్య అమెరికా, మెక్సికోల నుంచి పొట్టచేతపట్టుకుని వచ్చినవారు, ఆరుగురూ చనిపోయారు. ఓడలో భారతీయ కూలి, వంతెనమీద మెక్సికో కూలి. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. ఓడ సిబ్బంది ఫోన్లను దర్యాప్తువారు తీసుకున్నారు. ఇంటికి మాట్లాడే దారి కూడా కరువై వారు నెలల తరబడి ఆ ఓడమీదనే ఉండవలసి వచ్చినది. చివరికి 2025 నవంబరులో దర్యాప్తు సంస్థ తేల్చిన కారణమేమిటి? ఒక తీగకు చుట్టిన పేరుచీటీ సరిగా లేక, తీగ తన చోట పూర్తిగా కూర్చోలేదు. అది వదులై కరెంటు పోయినది.

ఒక పేరుచీటీ! వేల తీగల మధ్య దాన్ని వేలితో తడిమి చూడటానికి తీరిక ఉన్న మనిషి కావాలి. మనుషులను తగ్గించి, ఉన్నవారికి తీరిక లేకుండా చేసి, ఆ లోటు పూడ్చటానికి కృత్రిమ మేధను తెస్తున్నామని చెప్పటం పెట్టుబడిదారీ తర్కంలోని అసలు మెలిక. మా సున్నపు బట్టీలలో ఇది నాకు తెలిసిన సంగతే. నిప్పు రంగు చూసి రాయి కాలినదో లేదో చెప్పగల పాతకాపు ఒకడు ఉంటాడు. అతని కూలి దండగ అనుకుని యజమాని వేడిని కొలిచే సాధనం పెట్టవచ్చు. పెట్టటం తప్పు కాదు. ఆ సాధనాన్ని అతని చేతికిచ్చి దుమ్ముకు దూరంగా కూర్చోబెడితే అది అభివృద్ధి. అతణ్ణి పంపివేసి, సాధనం తప్పు చెప్పిననాడు పక్కనున్న కుర్రవాణ్ణి తిట్టటం దోపిడి. సాధనం రెండు చోట్లా ఒకటే.

5

ఈ విషయంలో మన అభ్యుదయ శిబిరంలోనే రెండు ధోరణులు కనబడుతున్నాయి. రెండింటినీ విమర్శించవలసి ఉన్నది.

మొదటిది, యంత్రం పెరిగినకొద్దీ శ్రమ దానంతట అదే విముక్తమవుతుందనే భ్రమ. ఉత్పత్తి శక్తులు పెరిగితే చాలు, సంబంధాలు వాటంతటవే మారతాయని వీరు చరిత్రను మెట్లెక్కే బొమ్మగా చూస్తారు. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు నాలుగు లక్షలమంది నావికులు ఒప్పందం ముగిసినా ఓడలు దిగలేకపోయారు. వారు ఎక్కడున్నారో ఉపగ్రహాలకు తెలుసు, సరకు ఎక్కడున్నదో యజమానులకు తెలుసు. సరకు చాలావరకు దిగినది. మనిషి దిగలేదు. 2024లో 312 ఓడలమీద 3,133 మంది నావికులను జీతమివ్వకుండా, తిండి పెట్టకుండా యజమానులు వదిలివేశారని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క తేల్చినది. వారిలో అందరికంటే ఎక్కువమంది భారతీయులే. తెలివిలేని యంత్రాలవల్ల వచ్చిన కష్టాలు కావివి. తెలివైన యంత్రాలవల్ల ఇవి వాటంతటవే పోవు.

రెండవది, యంత్రాన్ని చూసి విలపించే ధోరణి. తెరచాప పాట పోయినది, హైలెస్సా పోయినది, సముద్రంతో మనిషికున్న ఆత్మీయత పోయినదని వీరు కన్నీరు పెడతారు. కొలిమి దగ్గర బొగ్గు ఎగవేసి ఊపిరితిత్తులు మాడ్చుకున్నవాణ్ణి అడిగితే ఆ ఆత్మీయత ఎంతటిదో చెప్పేవాడు. కష్టాన్ని కవిత్వం చేయటం వేరు, కష్టం పోతున్నదని కవిత్వంలో ఏడవటం వేరు. యంత్రానికీ, పెట్టుబడి యంత్రాన్ని వాడే తీరుకూ మధ్యనున్న తేడాను గుర్తించటానికి కార్మికులకు కాలమూ అనుభవమూ పట్టినదని 1867లోనే మార్క్సు ‘పెట్టుబడి’ గ్రంథంలో వివరించాడు. మగ్గాలు విరగగొట్టిన కార్మికుడికి ఆ తేడా తెలియకపోవటం సహజం. నూటయాభై ఏళ్ళ తర్వాత రచయితకు తెలియకపోవటం క్షమార్హం కాదు.

ఈ రెండు ధోరణులకూ సామాన్యమైన దోషం ఒకటున్నది. రెండూ “ఓడ తనంతట తానే నడుస్తుంది” అనే వాక్యాన్ని నిజమని ఒప్పుకుంటాయి. ఒకరు సంతోషంతో ఒప్పుకుంటారు, ఒకరు దుఃఖంతో. కాని ఆ వాక్యం అబద్ధం.

తెలుగు వ్యాకరణం చదివినవారికి అధ్యాహారమంటే ఏమిటో తెలుసు. “అన్నం తిన్నాను” అంటే కర్త కనబడడు; అంతమాత్రాన తిన్నవాడు లేడని అర్థం కాదు. చెప్పకపోయినా ‘నేను’ అని తెచ్చుకోవాలి. స్వయంచాలిత నౌకలోనూ కర్త అధ్యాహారమైనాడే గాని లోపించలేదు. పడవ ఏది, దుంగ ఏది, అల ఏది అని కెమెరాకు నేర్పటానికి లక్షల బొమ్మలమీద గీతలు గీసి పేర్లు రాసినవారున్నారు. మనదేశంలో చిన్న పట్టణాలలో సైతం ఆడపిల్లలు, చదువుకున్న నిరుద్యోగులు బొమ్మకింత అని కూలికి ఈ పని చేస్తున్నారు. దారి లెక్క వేసే యంత్రానికి తరతరాల నావికుల ప్రయాణ దినచర్యలే పాఠ్యపుస్తకాలు. ఏ గాలికి ఎట్లా మళ్ళాలో సరంగు తన వంటిమీద నేర్చుకున్నదంతా అంకెలుగా మారి యంత్రంలో చేరినది. దానికి సరంగుకు ఎవరూ చెల్లించలేదు. ఒడ్డున తెర ముందు కూర్చుని ఓడను చూసే ఉద్యోగి, రేవులో దాన్ని కట్టే కళాసీ, చెడితే విప్పే మెకానిక్కు, వీరంతా కర్తలే. ‘తనంతట తానే’ అన్న మాట శ్రీనాథుని ‘తెచ్చి’ చేసిన పనినే మరింత నిపుణంగా చేస్తున్నది. ఆ పద్యంలో కనీసం శెట్టి కనబడ్డాడు. ఈ వాక్యంలో శెట్టి కూడా కనబడడు. అదే దీని కొత్తదనం. దోపిడికి గురయ్యేవాడితోపాటు దోపిడిచేసేవాడు కూడా వాక్యంలో నుంచి తప్పుకున్నాడు. ఇక ఎవరిని అడగాలి?

6

అడగవలసినవి ఉన్నాయి. యంత్రం ఆదా చేసిన ఇంధనంలో, కాలంలో ఓడ కార్మికుని వాటా ఎంత? సిబ్బందిని తగ్గించే బదులు పనిగంటలు ఎందుకు తగ్గించరాదు? యంత్రం మాటను కాదనే హక్కు కెప్టెనుకు శిక్షాభయం లేకుండా ఉంటుందా? ఓడలో కెమెరాలు పోగుచేసిన సమాచారాన్ని విచారణ సమయంలో యజమానితో సమానంగా నావికుడు చూడగలడా? కొత్త పనికి కావలసిన శిక్షణ ఖర్చు యజమానిదా, అరెకరం అమ్మే తండ్రిదా?

ఇవి గాలిలో ప్రశ్నలు కావు. 2024 అక్టోబరు మొదటివారంలో అమెరికా తూర్పు తీరపు రేవులలో సుమారు 45,000 మంది కార్మికులు మూడు రోజులు పని ఆపారు. కూలి పెంపుతోపాటు రేవులలో యంత్రాలు మనుషుల పనిని మింగకుండా రక్షణ కావాలని పట్టుబట్టారు. తర్వాతి జనవరిలో కుదిరిన ఒప్పందంలో ఆ రక్షణను కొంతవరకు సాధించుకున్నారు. రంగూన్ రేవులో 1930లో జరగనిది అక్కడ జరిగినది. అక్కడ కూలీని కూలీకి ఎదురు నిలపటం యజమానులకు సాధ్యం కాలేదు. ప్రపంచ నావికులలో సుమారు పదింట ఒకరు భారతీయులైనప్పుడు, ఆ బలం మనకు లేదని ఎట్లా అనగలము? కాని ఒకే ఓడలో ఆఫీసర్ల భోజనశాల వేరు, కళాసీల భోజనశాల వేరు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించిన పలనాటి నుంచి వెళ్ళిన కుర్రవాడు ఆ రెండు బల్లల మధ్య దూరాన్ని చూసి నాకు చెప్పినప్పుడు, అది ఓడను గురించి చెప్పినట్టు అనిపించలేదు.

రచయితలుగా, అధ్యాపకులుగా మన పని ఏమిటి? ఓడ కార్మికుల సంఘం చేయవలసిన పని మనం చేయలేము. కాని అధ్యాహారమైన కర్తను వాక్యంలోకి తిరిగి తీసుకురావటం మన పనే. శ్రీకాకుళం తీరం నుంచి, విశాఖ నుంచి, కోనసీమ నుంచి, సముద్రమెరుగని మా పిడుగురాళ్ల నుంచి కూడా వెళ్ళిన ఓడ కార్మికులు సెలవులకు వస్తున్నారు. వారి నోటిమాట ఎవరైనా రాసుకున్నారా? ‘పడుకోవలసిన గంటలు రాస్తాం’ అన్న ఒక్క మాటలో ఒక నవలకు సరిపడే వస్తువున్నది. రంగం వెళ్ళి తిరిగి రానివారి కథ మనవాళ్ళు రాయవలసినంతగా రాయలేదు. వీరి కథ కూడా ఓడలు ఖాళీ అయిన తర్వాత రాస్తే అది స్మారకమవుతుంది గాని సాహిత్యం కాదు.

నా విద్యార్థి తిరిగి ఓడెక్కే ముందు మళ్ళీ వచ్చాడు. వాడి ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు ఇది: “తమ్ముణ్ణి పంపవద్దని నేను చెప్పను. ఓడలమీద మనుషుల అవసరం ఇంకా చాలాకాలం ఉంటుంది. కాని అరెకరం అమ్మి మధ్యవర్తి చేతిలో పోయవద్దు. కరెంటు పని, యంత్రాల మరమ్మతు గట్టిగా నేర్చుకొమ్మను. చెడిన జనరేటరును విప్పగలవాడి అవసరం అందరికంటే ఆఖరున పోతుంది. ఓడెక్కిన మొదటి నెలలోనే సంఘంలో చేరమను.”

వాడు కాసేపు ఊరుకుని, “నేనే ఇంకా చేరలేదు సార్” అన్నాడు.

“మరి ముందు నువ్వు చేరు” అన్నాను.